‘త్రీ బుక్’ అని రాసేది అజాగ్రత్త వల్ల కాదు

చైనావాళ్లు ఇంగ్లీషులో రాసిన మెయిళ్లు చదివే పని ఉన్నవాళ్లకు ‘ఐ బాట్ త్రీ బుక్’ లాంటి వాక్యాలు కొత్త కాదు. అది చూడగానే చాలామంది, ఈ మనిషికి ఇంగ్లీషు రాదు, లేదంటే పని మీద శ్రద్ధ లేదు అనే అంచనాకు వచ్చేస్తారు. ఈ అంచనా తప్పని నేను గట్టిగా అంటాను. చైనాలో 2001 నుంచి దశలవారీగా మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెడుతున్నారు, కాలేజీ సీటు కోసం రాసే గావోకావ్ పరీక్షలోనూ ఇంగ్లీషు ఉంటుంది. బహువచనానికి ‘ఎస్’ చేర్చాలన్న సంగతి తెలియకుండా అక్కడ ఎవరూ కాలేజీ దాకా రారు. మరి తెలిసిన రూల్ రాసేటప్పుడు ఎందుకు జారిపోతోంది?

చైనా ప్రధాన భాష మాండరిన్‌లో పుస్తకాన్ని ‘షూ’ అంటారు. ఒకటైనా షూ, లైబ్రరీ నిండా ఉన్నా షూనే. ఒక పుస్తకం ‘యీ బెన్ షూ’, మూడు పుస్తకాలు ‘సాన్ బెన్ షూ’, అంకె తప్ప ఇంకేదీ మారదు. మధ్యలో ఉన్న ‘బెన్’ పుస్తకాలను లెక్కపెట్టేటప్పుడు వాడే మాట. బల్ల, కాగితం లాంటి చదునైన వాటికి ‘జాంగ్’, చేప, నది, రోడ్డు, ప్యాంటు లాంటి పొడుగాటి వాటికి ‘త్యావ్’, కత్తి, గొడుగు, కుర్చీ లాంటి చేత్తో పట్టుకునే వాటికి ‘బా’. మనకూ ఇది మరీ వింతేమీ కాదు, పది మంది పిల్లలు అంటాం, తోటకూర కట్టల లెక్కన, మల్లెపూలు మూరల లెక్కన కొంటాం. మనం కొన్నిటికే చేసే పని వాళ్లు లెక్కపెట్టే దాదాపు ప్రతిదానికీ చేస్తారు.

బహువచనం అసలే లేదా అంటే ‘మెన్’ అనే ప్రత్యయం ఒకటుంది, ముఖ్యంగా మనుషులకూ సర్వనామాలకూ వస్తుంది. ‘లావ్‌ష మెన్’ అంటే టీచర్లు. కానీ ముగ్గురు టీచర్లు అనాలంటే ‘సాన్ గ లావ్‌ష’ అని ఆపేయాలి, అక్కడ మెన్ చేరిస్తే తప్పు. ముగ్గురని చెప్పాక ఇక బహువచనం అక్కర్లేదన్నది ఆ భాష పద్ధతి. ఇంగ్లీషేమో సరిగ్గా అక్కడే ఎస్ పెట్టి తీరాలంటుంది. చిన్నప్పటి నుంచి తప్పని నేర్చుకున్నదాన్ని ఇప్పుడు తప్పనిసరిగా చేయమంటున్నామన్నమాట.

ఇది అలవాటుకు సంబంధించిన విషయమని చూపించే పరిశోధన కూడా ఉంది. భాషాశాస్త్రవేత్త జియాంగ్ నాన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు బాగా వచ్చిన చైనీయుల చేత కంప్యూటర్ తెర మీద వాక్యాలను ఒక్కో మాట చొప్పున చదివించి, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుతున్నారో కొలిచారు. బహువచనం తప్పిపోయిన చోట ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల చదువు నెమ్మదించింది, చైనీయులది నెమ్మదించలేదు. క్రియల వాడకంలో తప్పు వచ్చినప్పుడు మాత్రం వాళ్లూ ఆగారు. 2011లో ఆయన బృందం రష్యన్లను, జపనీయులను పోల్చింది. బహువచనం తప్పిన చోట రష్యన్లు ఆగారు, జపనీయులు ఆగలేదు, జపనీస్‌లో కూడా చైనీస్‌లాగే తప్పనిసరి బహువచనం లేదు. కళ్ల ముందున్న తప్పు దగ్గర మెదడు ఆగనే ఆగకపోతే, ‘ఇంకోసారి చూసుకో’ అనే సలహా ఏం పనిచేస్తుంది?

ఉచ్చారణ దీనికి తోడు. మాండరిన్‌లో అక్షరం చివర వచ్చే హల్లులు న్, ఙ్, ర్ అంతే, కాబట్టి ‘టెక్స్ట్స్’, ‘డెస్క్స్’ లాంటి మాటల్లో చివరి ఎస్ నోట్లోనే పోతుంది.

లెక్కకు రాని నామవాచకాల దగ్గర మాత్రం తప్పు ఇంగ్లీషుదే అనిపిస్తుంది. గోధుమలు ‘వీట్’ అని ఏకవచనం, ఓట్స్ బహువచనం. కుర్చీలు లెక్కకు వస్తాయి, ఫర్నిచర్ రాదు. ఇందులో తర్కం వెతికితే దొరకదు, మాట మాటకూ గుర్తుపెట్టుకోవాల్సిందే. మనమూ లగేజీలు, అడ్వైసులు అంటూనే ఉన్నాం, పాలు, నీళ్లు మనకు బహువచనాలు కూడాను. అయితే ‘ఎ షీట్ ఆఫ్ పేపర్’ అన్నది ‘యీ జాంగ్ జి’తో దాదాపు మాటకు మాట సరిపోతుంది. ఇలాంటి మాటలను చైనా విద్యార్థులకు లిస్టుగా బట్టీ పట్టించే బదులు, వాళ్ల భాషలో ఉన్న ఈ పద్ధతితోనే మొదలుపెట్టి చెప్పొచ్చు.

నా దృష్టిలో వీటన్నిటికంటే కష్టం ‘ఎ’, ‘ది’. చైనీస్‌లో ఆర్టికల్స్ లేవు, చాలాచోట్ల ఆ పని మాటల వరుసే చేస్తుంది. ‘ఖరెన్ లాయ్ ల’ అంటే మనం ఎదురుచూస్తున్న అతిథి వచ్చాడని, ‘లాయ్ ఖరెన్ ల’ అంటే అనుకోకుండా ఎవరో వచ్చారని. ఇంత సున్నితమైన తేడాను రోజూ పలికేవాళ్లకు తెలిసిన వస్తువు, తెలియని వస్తువు అనే ఆలోచన లేదని ఎలా అంటాం? ఇంగ్లీషు దాన్ని చిన్న మాటతో చూపిస్తుంది, వాళ్లు చోటుతో చూపిస్తారు. క్లాసులో ఎక్కువ సమయం దీనికే ఇవ్వాలి, ఎస్ పోయిందని మార్కులు కోయడానికి కాదు. ‘త్రీ బుక్’ అన్నా పుస్తకాలు మూడని అందరికీ తెలుస్తుంది. ‘ఐ సెంట్ ఫైల్’ అని మెయిల్ వస్తే మాత్రం నిన్న మనం అడిగిన ఫైలే పంపారా, ఇంకేదైనానా అని మళ్లీ రాసి అడగాల్సి వస్తుంది.