ల్యాప్‌టాప్ కొనేటప్పుడు స్క్రీన్ సంగతి ఒక్కరైనా అడుగుతారా?

ఇప్పుడే తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో ల్యాప్‌టాప్ షోరూం నుంచి ఇంటికొచ్చాను. మా ఆవిడ అన్నం పెడితే రెండు ముద్దలు కూడా దిగలేదు. రేపటికి ఈ కోపం చల్లారిపోతుంది, అప్పుడు ఈ మాటలు రావు. అందుకే రాత్రికి రాత్రే రాసేస్తున్నా. డిజైన్ పని చేసేవాళ్లలో ఇది జరగనివాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి మీకు విడమరిచి చెప్పక్కర్లేదు, అయినా చెప్తా.

నా దగ్గర ఒక అమ్మాయి పని నేర్చుకుంటోంది. పాకాల పక్కన పల్లెటూరు. ఏడాదిగా పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా నా పక్క సిస్టం మీద కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు, పత్రికలు, ఫ్లెక్సీలు చేస్తోంది. చెయ్యి చాలా శుభ్రం. పెళ్లికూతురి ముంగురులు ఒక్కొక్కటీ విడదీసి కటింగ్ చేస్తుంది, పక్కన నిలబడి చూస్తే ముచ్చటేస్తుంది. ఇంటి దగ్గర కూడా పని చేసుకోవడానికి సొంతంగా ల్యాప్‌టాప్ కావాలని ఆరు నెలలుగా అడుగుతుంటే, వాళ్ల నాన్న ఈరోజు డబ్బు తెచ్చాడు. డెయిరీకి పాలు పోసిన డబ్బు, చీటీ ఎత్తిన డబ్బు కలిపి డెబ్బై ఐదు వేలు. పసుప్పచ్చ గుడ్డసంచిలో, న్యూస్‌పేపర్ చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి. షోరూంలో కూర్చున్నంతసేపూ ఆ సంచిని ఒళ్లో నుంచి కిందపెట్టలేదు ఆయన.

నన్ను తోడు రమ్మన్నారు. వెళ్లాను. వెళ్లకపోయినా ఇదే జరిగేది.

సేల్స్ కుర్రాడు నన్నూ ఆ అమ్మాయినీ చూసి అడిగిన మొదటి మాట, "గేమింగా సార్?" కాదు నాయనా, గ్రాఫిక్స్ పని, ఫొటోషాప్, కోరల్ అన్నాను. "అయితే గేమింగే సార్" అని కీబోర్డు నిండా రంగు రంగుల లైట్లు వెలిగేది ఒకటి తెచ్చి ముందు పెట్టాడు. పదహారు జీబీ సార్, ఆర్‌టీఎక్స్ సార్, 144 హెర్ట్జ్ సార్. అన్నీ గడగడా చెప్పాడు. ఎస్‌ఆర్‌జీబీ అంటే ఫొటోలకు, స్క్రీన్లకు మామూలుగా వాడే రంగుల కొలత. నేను అడిగింది ఒక్కటే, "ఈ స్క్రీన్ ఎస్‌ఆర్‌జీబీ ఎంత శాతం?" "ఫుల్ హెచ్‌డీ సార్" అన్నాడు. మళ్లీ అడిగాను. "యాంటీ గ్లేర్ సార్" అన్నాడు. మూడోసారి అడిగితే మేనేజర్‌ను పిలిచాడు. ఆయన వచ్చి, "స్క్రీన్లన్నీ ఒకటే సార్, మీరు కావాలంటే బ్రైట్‌నెస్ పెంచుకోవచ్చు" అన్నాడు.

స్క్రీన్లన్నీ ఒకటేనంట! రోజూ ల్యాప్‌టాప్‌లు అమ్మే మనిషి నోటి నుంచి వచ్చిన మాట ఇది. చివరికి నేనే ఫోన్లో ఆ మోడల్ నంబర్ కొట్టి స్పెసిఫికేషన్ తీశాను. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. ఆ మాట చూడగానే నాకు కడుపులో తిప్పేసింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఎన్‌టీఎస్‌సీ అన్నది రంగులకు ఇంకో పాత కొలత. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీలో సుమారు 62, 63 శాతం. ప్రింట్ కోసం ల్యాబ్‌కు పంపే ఫొటోలో ఉన్న రంగుల్లో మూడో వంతుకు పైగా ఆ స్క్రీన్ చూపించలేదు. ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, పసుపు పాలిపోతుంది. పని చేసేవాడు ఏం చేస్తాడు? ఫొటో డల్‌గా ఉందనుకుని శాచురేషన్, అంటే రంగుల గాఢత, పెంచుతాడు. స్క్రీన్ మీద బాగుంది అనిపించేదాకా పెంచుతాడు. ప్రింటుకు ఆ సంగతి తెలియదు కదా, పెంచినదంతా పేపర్ మీదికి దించుతుంది.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. 2018లో తిరుచానూరులో ఒక పెళ్లి. నలభై షీట్ల ఆల్బమ్, పన్నెండు బై ముప్పై ఆరు అంగుళాలు. అప్పుడు నా దగ్గర ఉన్నదీ ఇలాంటి డొక్కు స్క్రీనే. ఏ కంపెనీదో చెప్పను. పదహారు రోజులు కూర్చుని చేశాను. పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ తెరిచి, తలంబ్రాల షీట్ దగ్గర ఆగి, బిడ్డ మొహం మీద చూపుడు వేలు పెట్టి ఇటూ అటూ రాసింది. రంగు అంటుకుందేమో, తుడిస్తే పోతుందేమో అన్నట్టు. "మా పాప ఇట్లా ఉంటుందా నైనా?" అంది. పసుపూ కుంకుమా కలిపి మెత్తినట్టు ఉంది ఆ మొహం. నేను ల్యాబ్ మీదికి గొడవకు పోయాను. ల్యాబ్ ఆయన ఒక్క మాట మాట్లాడకుండా నా ఫైల్ ఆయన మానిటర్ మీద తెరిచి చూపించాడు. అక్కడా అంతే ఎర్రగా ఉంది. తప్పు నా ఫైల్లోనే ఉంది, నా స్క్రీన్ నాకు అబద్ధం చెప్పింది. షీట్లన్నీ నా డబ్బుతో మళ్లీ ప్రింట్ వేయించాను. ఆ ఇంటి నుంచి మళ్లీ నాకు పని రాలేదు, వాళ్ల చుట్టాల నుంచి కూడా రాలేదు.

ఆ అమ్మాయికి అదే గతి పట్టకూడదనే ఈరోజు నేను షోరూంలో గొంతు చించుకున్నది.

వాళ్ల నాన్నకు ఇదంతా చెప్తుండగానే బెంగళూరు నుంచి ఫోన్. ఆ అమ్మాయి మేనమామ, సాఫ్ట్‌వేర్. స్పీకర్లో పెట్టారు. "మ్యాక్ తప్ప ఇంకోటి కొన్నారంటే డబ్బు బూడిదలో పోసినట్టే" అన్నాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. అమ్మాయి ఏ సాఫ్ట్‌వేర్ వాడుతుందో, ఏ పని చేస్తుందో, ఎంత డబ్బుందో, ఏదీ అడగలేదు.

మ్యాక్ స్క్రీన్ బాగుంటుంది, ఎవరు కాదన్నారు? 2020లో ఎం1 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్ వచ్చినప్పటి నుంచి చూస్తున్నా, ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎక్కువైన పీ3 రంగులు చూపిస్తుంది, ఫ్యాన్ కూడా లేదు, చప్పుడు ఉండదు. కానీ అందులో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. కొన్న రోజు ఎంత ఉందో చచ్చేదాకా అంతే. 2024 అక్టోబర్ దాకా ఎయిర్‌లో అన్నిటికంటే తక్కువ ధర మోడల్‌కు ఎనిమిది జీబీయే ఇచ్చారు. పన్నెండు బై ముప్పై ఆరు షీట్ 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో తెరిస్తే ఒక్క లేయర్ (పొర) వంద ఎంబీ దాటుతుంది. అలాంటివి ఇరవై లేయర్లు, వాటి మీద మాస్కులు, హిస్టరీ. ఎనిమిది జీబీ ఏ మూలకు?

అసలు బాధ అది కూడా కాదు. మన తెలుగు! పత్రిక చేయాలంటే అను ఫాంట్లు, అంటే యూనికోడ్‌కు ముందునాటి పద్ధతి తెలుగు అక్షరాలు, కావాలి. మీకందరికీ తెలుసు. తిరుపతి, చిత్తూరు ప్రెస్సుల్లో ఈరోజుకీ పాత ఫైళ్లన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోనో కోరల్‌లోనో, అను ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత ఇంకో వెర్షన్ లేదు. అయినా దాని మీదే బతుకుతున్నాం. ఆ ఫాంట్లతో టైప్ చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసింది. కొత్త ఎం చిప్ మ్యాకుల్లో పాతవాటిలా బూట్ క్యాంప్‌తో విండోస్ ఎక్కించుకునే దారి కూడా లేదు. కోరల్ 2019 నుంచి మ్యాక్‌కు మళ్లీ దొరుకుతోంది సరే, అందులో అను ఫాంట్‌తో టైప్ చేయాలంటే ఆ అమ్మాయి ఎవరి కాళ్లు పట్టుకోవాలి? పాకాల నుంచి వచ్చే పెళ్లి పత్రికను బెంగళూరు మేనమామ వచ్చి టైప్ చేస్తాడా?

ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు ఒకేలా పనిచేసే యూనికోడ్ వచ్చి ఇన్నేళ్లయింది. తెలుగులో పనిచేసేవాడు ఏ ల్యాప్‌టాప్ కొనాలో ఇంకా ఒక పాత ఫాంటే తేలుస్తోందంటే ఒళ్లు మండిపోతుంది. సరే, దాని గురించి మొదలుపెడితే తెల్లారిపోతుంది.

నాకు రోజూ మెసేజ్‌లు వస్తాయి, "అన్నా, గ్రాఫిక్స్‌కు ఏ బ్రాండ్ మంచిది?" అని. బ్రాండ్ అనేది అడగాల్సిన ప్రశ్నే కాదు తమ్ముడూ. లెనోవో అంటే ఇంట్లో వాడుకునే ఐడియాప్యాడ్ కూడా లెనోవోనే, భారీ పనికి చేసిన థింక్‌ప్యాడ్ పీ సిరీస్ కూడా లెనోవోనే. హెచ్‌పీలో జెడ్‌బుక్ వేరు, షోరూంలో దొరికేది వేరు. డెల్‌లో ప్రెసిషన్ అని వర్క్‌స్టేషన్లు ఉండేవి, 2025లో వాటి పేరు ప్రో మ్యాక్స్ అని మార్చారు. ఆసుస్‌లో డిజైనర్లకు చేసిన ప్రోఆర్ట్ ఒక దారి, గేమింగ్ టఫ్ ఒక దారి. ఒకే మోడల్ పేరు మీద రెండు మూడు రకాల స్క్రీన్లు వేసి అమ్ముతారు. పెట్టె మీద పేరు అదే, లోపలి ప్యానెల్ వేరు. మోడల్ నంబర్ చివరి అక్షరాలు కూడా చూడకుండా కొంటే మోసపోయినట్టే.

ఐ7 స్టిక్కర్ సంగతి కూడా అంతే. షోరూంలో పక్క టేబుల్ మీద సన్నటిది ఒకటుంది, ఐ7 1355యూ. దాన్ని "టాప్ ప్రాసెసర్ సార్" అని చూపించాడు. అందులో వేగంగా పనిచేసే పెద్ద కోర్లు రెండే. ఐ5 13500హెచ్‌లో నాలుగుంటాయి. చివర 'యూ' (తక్కువ కరెంటుతో నడిచే రకం) ఉందా 'హెచ్' (ఎక్కువ పని లాగే రకం) ఉందా అన్నది చూడకుండా ఏడు పెద్దదా ఐదు పెద్దదా అని లెక్కపెడితే ఎలా? గ్రాఫిక్ కార్డు కూడా అంతే, ఆర్‌టీఎక్స్ 4050 అని ఒకటే పేరు, ఒక ల్యాప్‌టాప్‌లో దానికి 35 వాట్లే ఇస్తారు, ఇంకోదాంట్లో 115 దాకా ఇస్తారు. బ్లెండర్, ప్రీమియర్ చేసేవాళ్లకు కార్డు కావాలి, కాదనను. ఆల్బమ్‌కూ ఫ్లెక్సీకీ ముందు కావలసింది స్క్రీన్, తర్వాత ర్యామ్. ఓఎల్ఈడీ బాగుంటుందని ఎగబడి కొని, రంగులు పెంచి చూపించే వివిడ్ మోడ్‌లోనే పెట్టి పనిచేసేవాళ్లున్నారు. వాళ్లది నా కష్టానికి తిరగేసిన కష్టం. స్క్రీన్ మీద అన్నీ మెరిసిపోతుంటాయి, రంగు తగ్గిస్తారు, ప్రింటులో అన్నం మెతుకుల్లా తెల్లబోతుంది.

ఇక సర్వీస్. 2019లో నా ల్యాప్‌టాప్ మూత తెరుస్తుంటే కీలు విరిగి స్క్రీన్ పక్కకు ఒరిగిపోయింది. మాఘమాసం, చేతిలో ఐదు ఆల్బమ్‌లు. వారంటీ ఉంది. ఇక్కడి సెంటర్ వాళ్లు చూసి, పార్ట్ లేదు, చెన్నై పంపాలి అన్నారు. ఇరవై మూడు రోజులు. రోజూ ఫోన్ చేస్తే రోజూ "రేపు" అన్నారు. నేనే బస్సెక్కి చెన్నై పోయి నిలబడితే ఆ సాయంత్రానికి చేతికొచ్చింది. దేశం నలుమూలల నుంచీ జనం తిరుపతికి వస్తారు, మనం మాత్రం ఒక కీలు కోసం చెన్నై పోవాలి. చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో కొన్నా, ఇక్కడ కొన్నా, రిపేరుకు దారి ఒకటే. కొనేముందు ఆన్‌సైట్ వారంటీ ఉందా, ఇంటికొచ్చి చేస్తారా అని అడగమని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఇవన్నీ ఈరోజు చెప్పాను. అన్నీ చెప్పాను. "చిన్నాయనా, ఇది వద్దు, రెండు రోజులు ఆగుదాం, ఇదే డబ్బుకు మంచి స్క్రీన్ ఉన్నది నేను వెతికిస్తా" అన్నాను. సేల్స్ కుర్రాడు బ్యాగ్, మౌస్ ఫ్రీ అన్నాడు. ఆఫర్ ఈరోజుతో అయిపోతుంది అన్నాడు. వాళ్ల నాన్న సంచి ముడి విప్పాడు.

అప్పుడు అన్నాడు ఆ మాట. నిజంగా నాకు కోపం వచ్చింది షోరూం వాడి మీద కాదు, మేనమామ మీద కాదు, ఈ మాట మీద. వాళ్ల నాన్న మంచివాడు, మనసులో ఏం పెట్టుకుని అనలేదు. "ఫొటోలు అతికించే పనే కదా నైనా, దానికి ఇంత చూడాలా?"

పదిహేనేళ్లుగా వింటున్నా ఈ మాట. అతికించే పని. పది నిమిషాల పని. "సిస్టంలో కొడితే వచ్చేస్తుంది కదా." పోస్టర్ చేసిస్తే డబ్బు అడిగినందుకు ముఖం మాడ్చుకున్న స్నేహితులున్నారు. రాత్రి పన్నెండుకు ఫోన్ చేసి "ఆ ఎరుపు కొంచెం ఎర్రగా చెయ్యి" అని పెట్టేసేవాళ్లున్నారు. ఇక్కడికి నలభై కిలోమీటర్లు కూడా లేదు శ్రీకాళహస్తి. అక్కడ కలంకారీ చేసేవాళ్లు గుడ్డను కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టి, బెల్లం, ఇనుము ఊరబెట్టిన నీళ్లతో నల్ల గీత గీసి, పటిక రాసి, ఉడకబెట్టి, పారే నీళ్లలో ఉతికి ఒక్క ఎరుపు తెస్తారు. ఆ ఎరుపు తప్పితే వాళ్లు ఆ గుడ్డ అమ్మరు. వాళ్లను చూసి అద్దకం పనే కదా అంటే ఊరుకుంటామా? మరి అదే ఎరుపు స్క్రీన్ మీద పట్టుకోవాలని కళ్లు పొడుచుకునే పిల్లను చూసి అతికించే పని అంటే నేనెందుకు ఊరుకోవాలి?

నోట్లు లెక్కపెడుతుంటే ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. తనకు తెలుసు. ఏడాది నా పక్కన కూర్చుంది, ఏ స్క్రీన్ ఏమిటో తెలుసు. నాన్న కష్టపడి తెచ్చిన డబ్బు ముందు ఇది వద్దు అనలేకపోయింది. బయటికొచ్చాక మెల్లగా, "శాచురేషన్ జాగ్రత్తగా చూసుకుంటాలే అన్నా" అంది. దానికి నేనేం చెప్పాలి?

పెట్టె విప్పాక వాపస్ తీసుకోం అన్నారు. కాబట్టి ఇక ఉన్న దారి ఒకటే, దానికి పక్కన వేరే మానిటర్ తగిలించడం. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఎవరి దగ్గరైనా 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్, నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీది, వాడింది అమ్మేది ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. గీతలు పడినా పర్లేదు, రంగు సరిగ్గా ఉంటే చాలు. స్క్రీన్ రంగులు సరిచేసే స్పైడర్ క్యాలిబ్రేటర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఒక్క పూట ఇస్తే నేనే వచ్చి తీసుకెళ్లి, సాయంత్రానికి తెచ్చిస్తా. మానిటర్ డబ్బు నేనే ఇస్తాను. వాళ్ల నాన్నకు మాత్రం చెప్పొద్దు, స్టూడియోలో పాతది పడుంటే ఇచ్చానని చెప్తాను.