తోడి గాంధారం ఏ మీటలో ఉంది?

కర్ణాటక సంగీతంలో తోడి రాగం నేర్చుకున్నవాళ్లు ఎలక్ట్రానిక్ కీబోర్డు ముందు కూర్చుంటే ఐదు నిమిషాల్లోనే ఒక సంగతి తెలిసిపోతుంది. గాంధారం, అంటే సరిగమల్లోని 'గ', మీట నొక్కితే ఆ గాంధారం పలకదు. స్వరస్థానం సరైనదే, శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉండదు, అయినా అది తోడి కాదు. పాడేవాళ్ల గొంతులో ఆ గాంధారం ఒకచోట నిలబడదు. రిషభం (రి) వైపు దిగుతుంది, మధ్యమం (మ) వైపు లేస్తుంది. గమకం అనే ఆ ఊపే ఆ స్వరానికి ప్రాణం. మీట మీద అది కొయ్యబారిపోతుంది.

దీనికి కారణం తెలియాలంటే 1983 జనవరికి వెళ్లాలి. అమెరికాలో నామ్ అనే సంగీత పరికరాల ప్రదర్శనలో అక్కడి ఇంజనీరు డేవ్ స్మిత్ కంపెనీ సింథసైజర్‌నీ (విద్యుత్తుతో నాదం పుట్టించే కీబోర్డు), జపాన్‌కు చెందిన రోలండ్ సింథసైజర్‌నీ ఒక కేబుల్‌తో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. అదే మిడి. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారాన్ని 0 నుంచి 127 దాకా అంకెలుగా పంపడం దాని పని. పియానో వాయించే చేతికి ఇది సరిపోతుంది. స్వరాన్ని వంచే ఏర్పాటు అందులోనూ ఉంది గానీ, వంచితే ఆ ఛానల్‌లో, అంటే సమాచారం వెళ్లే ఆ ఒక్క దారిలో, మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. కీబోర్డు సత్యనారాయణన్ లాంటి విద్వాంసులు స్వరాన్ని వంచే చక్రాన్ని ఎడమచేత్తో తిప్పుతూ గమకాలు పలికించి కచేరీలే చేస్తున్నారు. ఆ సాధనకు దండం పెట్టాలి. కానీ స్వరాన్ని మోగించిన వేలి కిందే పుట్టాల్సిన గమకం రెండో చేతికి మారింది కదా. ఏ వేలి కింది స్వరాన్ని ఆ వేలే వంచుకునే ఎంపీఈ పద్ధతి మిడి ప్రమాణంలోకి రావడానికి 2018 దాకా పట్టింది.

ముప్పై అయిదేళ్లు! ప్రమాణం రాసుకున్న బల్ల దగ్గర వీణో వయొలినో వచ్చిన ఇంజనీరు ఒక్కరున్నా ఈ ప్రశ్న మొదటి రోజే వచ్చేదని నా నమ్మకం. సంగీతం, సాంకేతికత, ఇంటరాక్టివ్ డిజైన్ కలిసే ఉద్యోగాల గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు సంగీతాన్ని పక్క విషయంగా చూస్తారు. కోడింగ్ వస్తే చాలు, పాట అభిరుచి అంటారు. ఈ వృత్తిలో ఏం తయారు చేయాలో చెప్పేది చెవి. కోడ్ ఆ తర్వాత.

జాన్ చౌనింగ్ సంగతే చూడండి. ఆయన ఇంజనీరు కాదు, స్వరకర్త. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ మీద ఒక స్వరానికి ఊపు పెట్టి, ఆ ఊపు వేగాన్నీ లోతునూ పెంచుకుంటూ పోయారు. ఒక హద్దు దాటాక చెవికి ఊపు తెలియడం మానేసింది. దాని బదులు సరికొత్త నాదం వినిపించింది. సూత్రం రేడియోవాళ్లకు ఎప్పటి నుంచో తెలిసిందే. దాన్ని నాదంగా విన్నది మాత్రం ఈయన. అమెరికా ఆర్గాన్ కంపెనీలకు అది ఎక్కలేదు. ఈలోగా విశ్వవిద్యాలయం కూడా ఆయన్ని వదులుకుంది, యమహా లైసెన్సు తీసుకున్నాక మళ్లీ పిలిచింది. ఆ పద్ధతితోనే 1983లో యమహా డీఎక్స్7 సింథసైజర్ వచ్చింది. పేటెంటు మీద స్టాన్‌ఫర్డ్‌కు రెండు కోట్ల డాలర్లకు పైగా ముట్టింది.

మన దగ్గరా ఇలాంటి చెవులున్నాయి. మన శ్రుతిపెట్టెను ఎలక్ట్రానిక్ పరికరంగా మార్చిన బెంగళూరు రాడెల్ సంస్థ జి. రాజ్‌నారాయణ్ ఇంజనీరు, వేణువు వాయించేవారు కూడా. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేసిందీ డిజైన్ పనే. మాండలిన్‌కు నాలుగు జతల జంట తీగలు. గమకానికి లాగితే రెండు తీగలూ ఒకేలా సాగాలి, అది కష్టం. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టి, ఐదో తీగ చేర్చి, విద్యుత్ మాండలిన్ పట్టారు. వాద్యాన్నే రాగానికి ఒప్పించారు.

ఇక ఇంటరాక్టివ్ డిజైన్. ఈ మాట వినగానే చాలామందికి రంగులు, బొత్తాలు గుర్తొస్తాయి. సంగీతంలో దాని అసలు పరీక్ష ఆలస్యం. వేలు తగిలాక శబ్దం ఎంతసేపటికి వస్తుంది? కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న నమూనాలుగా కొలిచి, కొన్నిటిని బఫర్‌లో పోగు చేసి పంపుతుంది. సెకనుకు 44,100 నమూనాలు నడిచే చోట 512 నమూనాల బఫర్ పెడితే అక్కడే దాదాపు 12 మిల్లీసెకన్లు పోతాయి. గాలిలో శబ్దం నాలుగు మీటర్లు నడిచేంతసేపు. నాలుగు మీటర్ల అవతల కూర్చున్న మృదంగంతో కలిసి పాడటానికి ఇబ్బంది లేదు. కానీ మన వేలి కిందే ఉన్న వాద్యం అంత దూరం నుంచి పలికినట్టుంటే చెయ్యి తడబడుతుంది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటేది. సంగీతం యాప్‌లు ముందు ఐఫోన్‌కు రావడానికి అదొక పెద్ద కారణం. 2008లో స్మ్యూల్ కంపెనీ తెచ్చిన 'ఒకరినా' (ఒక ఊదే వాద్యం పేరు) యాప్‌లో ఫోన్ మైకులోకి ఊదాలి, తెర మీది నాలుగు రంధ్రాలను వేళ్లతో మూయాలి, ఫోన్ వంచితే స్వరం ఊగే తీరు మారుతుంది. కొత్త భాగం ఒక్కటీ చేర్చకుండా మాట్లాడే పెట్టెను ఊదే వాద్యం చేశారు. దాన్ని రూపొందించిన గె వాంగ్ స్టాన్‌ఫర్డ్‌లో సంగీతశాఖ అధ్యాపకుడు.

మన తల్లిదండ్రులకు భయం ఉంది, అది తీసిపారేసేది కాదు. ఈ ఉద్యోగాలు వేలల్లో ఉండవు. గేముల శబ్దవిభాగం, ఆడియో సాఫ్ట్‌వేర్, వినికిడి యంత్రాలు, కార్లలో ధ్వని, ఇలా చెదురుమదురుగా ఉంటాయి. ఓపికా కావాలి. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదువుకున్న అలెక్స్ రిగోపులోస్, ఎరన్ ఎగోజీ 1995లో హార్మోనిక్స్ అనే సంగీత గేముల కంపెనీ పెట్టారు. ఇంటింటికీ చేరిన గిటార్ హీరో గేము 2005లో గానీ రాలేదు. అయితే సి++ రాసేవాళ్లు మనకు వీధికొకరు దొరుకుతారు, గమకం విని అది ఎక్కడ తప్పిందో చెప్పగలిగి సి++ కూడా రాసేవాళ్లు దొరకరు. ఆ రెండోవాళ్లను మనమే చేజేతులా పోగొట్టుకుంటున్నాం. ఎనిమిదేళ్లు వయొలిన్ నేర్చుకున్న పిల్ల పదో తరగతి అవగానే పెట్టె అటక మీదికి వెళ్తుంది. ఇంటర్ అయ్యాక దించుదాం అంటారు. ఎక్కువ ఇళ్లలో ఆ పెట్టె మళ్లీ దిగదు. బీటెక్ ఆఖరి ఏడాదిలో అదే పిల్ల ఎవరో చేసిన హాజరు యాప్‌ను మళ్లీ చేసి మార్కులు తెచ్చుకుంటుంది. బొబ్బిలి వీణ 24 మెట్ల మీద వేలు తీగను ఎంత పక్కకు లాగుతోందో కొలిచే సెన్సరు ఆమెకు ఎంత మంచి ప్రాజెక్టు!

నేను ప్యూర్ డేటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తోడి గాంధారానికి చిన్న ప్రయత్నం చేశాను. తెర మీద వేలు జరిపితే స్వరం రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. సంగీతం మాస్టారికి వినిపించాను. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నారు. "పైకి బాగానే వెళ్తోంది నాయనా, దిగేటప్పుడే తొందరపడుతోంది. అక్కడ కాస్త ఆగి దిగాలి" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే ఎక్కడానికీ దిగడానికీ నేను ఒకే అంకె ఇచ్చాను. దాన్ని రెండుగా విడగొట్టాను. ఆయన చెప్పిన ఆ "కాస్త" ఎన్ని మిల్లీసెకన్లో ఇంకా వెతుకుతున్నాను, వచ్చే ఆదివారం మళ్లీ వినిపించాలి.