అరవై దాటితే ఫ్లూ టీకా దండగేనా?

"అరవై దాటాక ఫ్లూ టీకా దండగ. దానివల్లే ఫ్లూ వస్తుంది. వేసుకున్నా జలుబు ఆగదు. ముసలి ఒంట్లో పనిచేయదు. ఏటా వేసుకోమనడం వట్టి వ్యాపారం." ఫోన్లలో చక్కర్లు కొడుతున్న మెసేజ్ ఇది.

టీకాతోనే ఫ్లూ వస్తుందా? పెద్దవాళ్లకు వేసే ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, కాబట్టి రాదు. చెయ్యి నొప్పి, కొందరికి ఒకట్రెండు రోజులు నలత మామూలే. అమెరికాలో 65 దాటినవాళ్లకు టీకా, ఉత్తుత్తి ఇంజెక్షన్ రెండూ ఇచ్చి పోల్చిన అధ్యయనం 1990లో వెలువడింది. జ్వరం, నీరసం దేని తర్వాతైనా ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. పైగా రక్షణ రావడానికి సుమారు 2 వారాలు పడుతుంది. ఈలోపు ఫ్లూ తగులుకుంటే నింద టీకా మీద పడుతుంది.

ఇక జలుబంటారా, దాన్ని తెచ్చే వైరస్‌లు వేరు. ఈ టీకా వాటికి కాదు.

"ముసలి ఒంట్లో పనిచేయదు" అన్నదాంట్లో మాత్రం కొంత నిజముంది. వయసుతో రోగనిరోధక శక్తి మందగిస్తుంది, టీకాకు స్పందన కూడా తగ్గుతుంది. టీకా వేసుకున్నా ఫ్లూ రావచ్చు. అయితే తక్కువ పనిచేయడం వేరు, పనిచేయకపోవడం వేరు. ఆస్పత్రిలో చేరే ముప్పు తగ్గుతుంది, పెద్దవాళ్లకు కావలసింది ముఖ్యంగా అదే. స్పందన చాలదనే మామూలు డోసుకు నాలుగింతల బలమున్న టీకా తయారుచేశారు. "నాకెప్పుడూ ఫ్లూ రాలేదు, నేను గట్టివాణ్ణి" అనే మాటా తరచూ వింటాం. ఇన్నాళ్లూ రాకపోవడం రేపటికి హామీ ఏమీ కాదు. పైగా ఫ్లూ ఊపిరితిత్తులతో ఆగదు. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, ఫ్లూ నిర్ధారణైన మొదటి వారం రోజుల్లో గుండెపోటు ముప్పు సుమారు 6 రెట్లు ఉన్నట్టు తేలింది. మెసేజ్ రాసినవాళ్లు జలుబు దగ్గరే ఆగిపోయారు, గుండె ఊసే ఎత్తలేదు.

వ్యాపారం సంగతికొస్తే, కంపెనీలకు లాభం వస్తుంది, కాదనను. బీపీ మాత్రల మీదా వస్తుంది, అలాగని మానేయం కదా! ఏటా ఎందుకంటే, వైరస్ రూపం మార్చుకుంటుంది, టీకా ఇచ్చిన రక్షణ నెలల్లోనే పలచబడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఉత్తరార్ధగోళానికోసారి, దక్షిణార్ధగోళానికోసారి, టీకాలో ఏ రకాలుండాలో సిఫారసు చేస్తుంది. బి యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత రూఢిగా కనబడకపోయేసరికి, దాన్ని టీకాలోంచి తీసేయమన్నది కూడా ఆ సంస్థే.

ఇదివరకు ఫ్లూ టీకాతో తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా మళ్లీ వేయించుకోకూడదు. జ్వరంతో మంచం పట్టినవాళ్లు తగ్గేదాకా ఆగాలి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయని వెనకాడేవాళ్లున్నారు. టీకా ముందుగా అవసరమయ్యేది వాళ్లకే.