శుద్ధ సాగర ప్రణయ నవల గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ శుద్ధ సాగర ప్రణయ నవల గారి దివ్యసముఖానికి, చెన్నపట్నం తిరువాన్మియూరు నుంచి తమ చిరకాల పాఠకురాలు నమస్కరించి చేసుకునే విన్నపములు. ఉభయకుశలోపరి.

ముద్దు దాటని సముద్రపు ప్రేమకథ గనుక తమరికి ఆ 'శుద్ధ' బిరుదు. తమలో తెరచాపల ఓడ ఉంటుంది, పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల ఇంగ్లండు ఉంటుంది, తండ్రి చేసిన అప్పుల పాలైన అమ్మాయి ఉంటుంది, మాట తక్కువ కెప్టెను ఉంటాడు. అతడు ఓడదొంగే, కానీ శత్రువుల ఓడలను పట్టుకోవచ్చునని రాజుగారు రాసిచ్చిన అనుమతిపత్రం జేబులో ఉన్న ఓడదొంగ గనుక మర్యాదస్థుల లెక్కలోకి వస్తాడు. తుఫాను రాత్రి తన గదిని ఆమెకు ఇచ్చి తాను డెక్కు మీద తడుస్తూ పడుకుంటాడు. ఓడంతా తనదే కాబట్టి కట్నం ఊసెత్తడు. మూడువందల పేజీలు గడిచాక అనుమతి అడిగి మరీ ఒక్క ముద్దు పెడతాడు, ఆ వెంటనే తమరు గది తలుపు మూసేస్తారు. రెండు పడకగదుల ఫ్లాటులో ఐదుగురం సర్దుకుంటూ, పట్టపగలు తలుపు దగ్గరికి వేస్తే "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అని బయటినుంచి పలకరింపు వినపడే మా ఇంట్లో, ఆ మూసిన తలుపు ఎంతటి విలాసమో తమరికి ఎలా చెప్పను? నెల్లూరు హైస్కూలులో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మా అత్తయ్యగారూ నేనూ ఒకే కిండిల్‌లో తమరిని చదువుతాం. ఏ పేజీ దగ్గర ఆపి ఆవిడ చేతికిచ్చినా నాకు గుండె దడ లేదు.

అయితే ప్రణయాన్ని శుద్ధి చేసే ఊపులో తమరు ఓడను కూడా కడిగేశారని నా ఫిర్యాదు.

నిన్న చదివిన సంపుటంలో తమ నాయిక నడిసముద్రంలో, రెండు నెలల ప్రయాణంలో, తొట్టె నిండా వేడినీళ్లతో రెండుసార్లు స్నానం చేసింది. 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ అడుగంటినప్పుడు, ఎదుట బంగాళాఖాతం అంతా పెట్టుకుని నీళ్ల లారీ కోసం రంగురంగుల ప్లాస్టిక్ బిందెలతో నిలబడిన ఊరిదాన్ని నేను. ఉప్పునీటి పక్కన మంచినీటి విలువ నాకు తెలుసు. ఆ కాలపు ఓడల్లో నీళ్లు చెక్కపీపాల్లో పాచి పట్టి కంపు కొట్టేవి, అవి కూడా కొలిచి పోసేవారు. నిలవుండే పానీయమని బ్రిటిష్ నావికులకు రోజుకు ఒక గాలన్ బీరు లెక్క కట్టారు. అలాంటి చోట తొట్టెడు నీళ్లు కాచి మోసిన కుర్రవాడిని తోటివాళ్లు సముద్రంలోకి తొయ్యకుండా ఎలా ఊరుకున్నారో ఒక్క వాక్యమైనా రాయవలసింది.

ఆ మీదట నోట్లోని పళ్ల సంగతి. 1740లో సుమారు 1,900 మందితో బయలుదేరిన బ్రిటిష్ నౌకాదళాధికారి ఆన్సన్ దండయాత్రలో 1,300 మందికి పైగా తిరిగిరాలేదు, అత్యధికులను తిన్నది స్కర్వీయే. చిగుళ్లు కుళ్లి, పళ్లు కదిలి, ఎప్పుడో మానిన గాయాలు మళ్లీ తెరుచుకునే జబ్బు అది. జేమ్స్ లిండ్ అనే వైద్యుడు 1747లోనే నారింజ, నిమ్మపళ్లతో రోగులు కోలుకోవడం చూశాడు. నౌకాదళం నిమ్మరసం పంచడానికి 1795 దాకా ఆగింది. (ఊరగాయ జాడీ లేకుండా రైలెక్కని జాతికి ఇది మరీ విడ్డూరం.) ముద్దును చివరి పేజీ దాకా ఆపడం వెనుక నీతి ఉందని ఇన్నాళ్లూ నమ్మాను గాని, చిగుళ్ల సంగతి చదివాక నాకు వేరే అనుమానం పట్టుకుంది.

మగవేషం వేసిన నాయిక తమకు ప్రీతిపాత్రం. టోపీ జారుతుంది, జుట్టు విరబోసుకుంటుంది, కెప్టెను నిశ్చేష్టుడవుతాడు. హానా స్నెల్ అనే ఇంగ్లీషు స్త్రీ నిజంగానే జేమ్స్ గ్రే పేరుతో నావికాసైన్యంలో చేరింది. మాకు మూడు గంటల దారిలో ఉన్న పుదుచ్చేరి ముట్టడిలో, 1748లో, గాయపడి, గుట్టు బయటపడుతుందని వైద్యుడికి చూపించకుండా గజ్జల్లో దిగిన తూటాను తానే తీసుకున్నట్టు ఆమె జీవితకథ చెబుతుంది. ఆమె టోపీ జారలేదు. తానెవరో 1750లో, ఇంటికి చేరాక, తానే చెప్పింది. ఆ నిబ్బరం తమ నాయికకు కాస్త అప్పు ఇప్పించరాదా?

తమ కెప్టెను మద్రాసులో దిగినప్పుడు ఆమెను చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగుతాడు. ఏ మెట్లు? ఆ రోజుల్లో ఇక్కడ రేవే లేదు. ఓడ దూరంగా లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో జనాన్ని అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. మేకులు కొట్టిన పడవ ఆ అలల దెబ్బకు విచ్చిపోతుంది, కుట్టిన పడవ వంగి తట్టుకుంటుంది. దొరలూ దొరసానులూ తలంటుకున్నట్టు తడిసి దిగేవారు. ఆమెను ఎత్తుకున్నది ఎవరైనా ఉంటే అది పడవవాడు. తమ పేజీల్లో అతనికి పేరు లేదు, మాట లేదు, అసలు అతనే లేడు. ఇక ఓడ కింది అరలో ఏముందో తమరు పట్టుచీరల వరకే చెబుతారు. నల్లమందు, బానిసలు ఇతర కెప్టెన్ల ఓడల్లో వెళ్లినట్టున్నాయి.

ఇన్ని తెలిసీ ఎందుకు చదువుతావంటారేమో. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మన సామెత. తమరు ఏరు దాటనివ్వరు. ఇంకా నీళ్ల మీద ఉండగానే, ఒడ్డు కనబడుతుండగానే కథ ఆపేస్తారు గనుక నాకు తెలిసిన మల్లయ్యలందరిలో ఇతనొక్కడే చివరిదాకా ఓడ మల్లయ్యగా మిగిలాడు. ఒడ్డెక్కాక ఇండియాకు పోవడానికి ఆరు నెలలు, రావడానికి ఆరు నెలలు సముద్రం మీదే ఉండే మొగుడితో ఆమె కాపురం ఎలా సాగిందో నేనూ అడగను, అత్తయ్యగారూ అడగరు.

కింద లారీ హారను వినిపిస్తోంది, ఈ నెలలో మా అపార్ట్‌మెంటుకు ఇది ఆరోది. మోటారు వేయించే వంతు నాది. తమ నాయిక ఇప్పుడే మూడో స్నానానికి తొట్టెలో దిగింది. ఆ పేజీ దగ్గరే ఆపి వెళుతున్నాను.

ఇట్లు,
తమ పాఠకురాలు