చదరపు మీటర్లు కాదు, గంటకు ఎంతమంది దాటుతారో చెప్పండి

విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ వస్తే క్యూలు తగ్గిపోతాయని విస్తరణపై మీ వ్యాసంలో రాశారు. విస్తీర్ణం పెరిగినంత మాత్రాన తగ్గవండి. పాత తరహా ఎక్స్‌రే ఉన్న సెక్యూరిటీ లైన్లో గంటకు సుమారు 150 మంది దాటుతారు. రద్దీ గంటలో 1,800 మంది వస్తే 12 లైన్లు నడవాలి. సిబ్బంది చాలక పది లైన్లే నడిస్తే గంట చివరికి 300 మంది మిగిలిపోతారు, తర్వాతి గంట జనం వాళ్ల వెనక చేరతారు. బ్యాగు లోపలిని అన్ని వైపుల నుంచీ చూపే, లాప్‌టాప్ బయటికి తీయనక్కర్లేని సీటీ స్కానర్లతో వేగం పెరిగే మాట నిజమే. అయితే అనుమానం వచ్చిన ట్రేలను విప్పి చూసే బల్ల దగ్గర మనుషులు తక్కువైతే ట్రేలు పేరుకుపోయి బెల్టే ఆగుతుంది.

లగేజీ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఐదో టెర్మినల్ 2008 మార్చి 27న మొదలైనప్పుడు సిబ్బందికి పార్కింగ్ దొరకలేదు, కొందరు కంప్యూటర్లలో లాగిన్ కాలేకపోయారు, పరీక్షల కోసం పెట్టిన సాఫ్ట్‌వేర్ ఫిల్టర్‌ను తీసేయడం మరిచారు. వేల బ్యాగులు ఆగిపోయాయి, వందల విమానాలు రద్దయ్యాయి. భవనం మాత్రం బ్రహ్మాండంగానే ఉంది!

మరో సంగతి. ఏ380 లాంటి భారీ విమానం రెక్కల వెడల్పు దాదాపు 80 మీటర్లు. ఏ320 లాంటి చిన్నవాటిది 36 మీటర్లలోపే. ఒక పెద్ద స్టాండ్‌లో, అంటే విమానం నిలిపే చోట, రెండు చిన్న విమానాలు నిలిచేలా గీతలు, విమానంలోకి నడిచి వెళ్లే ఏరోబ్రిడ్జిలు ముందే అమర్చకపోతే గేటు ఖాళీగా కనిపిస్తున్నా ప్రయాణికులను బస్సుల్లోనే తరలించాల్సి వస్తుంది. విస్తరణ ప్రణాళికలో ఈ స్టాండ్ల లెక్క కూడా వ్యాసంలో ఇస్తే బాగుండేది.