పిల్లిని వదిలేయమని చెప్పడానికి మీరెవరు?

మా మేనత్త ఇప్పుడే వెళ్లింది. తలుపు వేసి వచ్చి ఇది రాస్తున్నాను. అమ్మ పడుకుంది కాబట్టి గట్టిగా అరవడానికి లేదు, అందుకే ఇక్కడ అరుస్తున్నాను.

జరిగింది చిన్న విషయమే. అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని, కీమో నడుస్తోందని మీలో చాలామందికి తెలుసు. మూడో సైకిల్ మందు ఎక్కించి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. చూడ్డానికి వస్తానని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు, "ఈ వారం వద్దండీ, తెల్లకణాలు బాగా పడిపోయే రోజులు, వచ్చే వారం రండి" అని మర్యాదగానే చెప్పాను. అయినా వచ్చింది. ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని, జలుబుతో ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది. మాస్క్ ఇస్తే "మనలో మనకి ఇవన్నీ ఎందుకే" అని పక్కన పడేసింది. అమ్మ కాళ్ల దగ్గర ముడుచుకుని పడుకున్న మా పిల్లి కాటుకని చూసింది. అమ్మని ఎలా ఉన్నావని ఇంకా అడగనే లేదు.

"వదినా, ఈ పిల్లిని ఇంకా ఉంచుకున్నావా? ముందు దీన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మను. దాని వెంట్రుకలు లోపలికి పోతే ఇంకేమైనా ఉందా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ నా వైపు చూసి మెల్లగా అంది, "పోనీ ఇచ్చేద్దామా అమ్మలూ? నీకూ కాస్త పని తగ్గుతుంది."

నాకు ఒళ్లు మండింది ఆ మాటకే. అత్తయ్య అన్నదానికి జవాబు చెప్పొచ్చు. అమ్మ అన్నదానికి ఏం చెప్పాలి? జబ్బు పడ్డ మనిషికి జుట్టు కంటే ముందు పోయేది అడిగే ధైర్యం. డబ్బు తన వల్లే ఖర్చవుతోంది, కూతురి సెలవులు తన వల్లే అయిపోతున్నాయి, మనవడి ఆటలు తన వల్లే ఆగిపోయాయి, ఇక పిల్లి కూడా కావాలని ఏ మొహం పెట్టుకుని అడగను అనుకుంటోంది ఆవిడ. అంత కుంగిపోయి ఉన్న మనిషి మంచం పక్కన నిలబడి "వదిలేయ్" అంటే సరే అనక ఏం చేస్తుంది? తర్వాత బయటికి వెళ్లి "వాళ్లే ఇష్టపడి ఇచ్చేశారు" అని చెప్పుకుంటారు.

మేం ఏమీ తెలుసుకోకుండా పిల్లిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నామని వీళ్లందరి నమ్మకం. మొదటి సైకిల్‌కి ముందు డాక్టర్‌ని మేం అడిగిన మొదటి ప్రశ్నే కాటుక గురించి. పిల్లిని పంపించాల్సిన అవసరం లేదన్నారు. జాగ్రత్తలు చెప్పారు. దాని మలం ఉండే తొట్టి అమ్మ ముట్టుకోకూడదు, ఇంకెవరైనా రోజూ తప్పకుండా శుభ్రం చేయాలి. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి పిల్లి మలంలో ఉన్నా, బయటికొచ్చాక అంటుకునే దశకి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ అవకాశమే ఇవ్వం. పిల్లిని బయట తిరగనివ్వకూడదు, పచ్చిమాంసం పెట్టకూడదు, టీకాలు సరిగ్గా ఉండాలి, గోళ్లు కత్తిరించాలి. గీరితే వెంటనే సబ్బుతో కడిగి డాక్టర్‌కి చెప్పాలి. మందు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద పోర్ట్ అనే చిన్న పరికరం పెట్టిన వైపు దాన్ని ఎక్కనివ్వకూడదు. ఇవన్నీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉన్నాయి. మా తొమ్మిదేళ్ల అబ్బాయికి కూడా కంఠతా వచ్చు.

కీమో ఇచ్చిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా సాధారణంగా, ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరిగెత్తాలి. జ్వరం బిళ్ల వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. అప్పుడు సోకే ఇన్ఫెక్షన్లు చాలావరకు రోగి సొంత నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఉండే బాక్టీరియా నుంచే వస్తాయి. ఆ తర్వాత భయపడాల్సింది దగ్గుతూ తుమ్ముతూ వచ్చే మనుషుల గురించి. నా కళ్లముందు జలుబుతో ఉన్న మనిషి అమ్మ చెయ్యి పట్టుకుని, మూడు నెలలుగా ఇల్లు దాటని పిల్లిని పంపించేయమని చెబుతోంది. నేనెలా ఊరుకోవాలి చెప్పండి.

ఇంకో విషయం ఎవరికీ తట్టదు. అసలు మా ఇంట్లో ఇప్పుడు ప్రమాదం పిల్లికే. అమ్మకి ఇచ్చే ఎర్ర రంగు కీమో మందు మొదటి రెండు రోజులు మూత్రంలో, వాంతిలో బయటికి వస్తుంటుంది, మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ఆ నలభై ఎనిమిది గంటలూ టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేస్తాం, వాంతి అయితే గ్లవ్స్ లేకుండా ముట్టుకోం, బాత్రూమ్ తలుపు తీసి ఉంచం. కింద పడ్డ బిళ్ల కోసం టార్చ్ వేసి మంచం కింద వెతుకుతాం. మనం తేలిగ్గా మింగే పారాసెటమాల్ బిళ్ల ఒక్కటి చాలు పిల్లి ప్రాణం పోవడానికి. చర్మం మీద రాసుకునే ఫ్లోరోయూరాసిల్ క్రీమ్ కొంచెం నాకినా కుక్కలు, పిల్లులు చచ్చిపోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ అనే రేడియేషన్ ఉండే మందు తీసుకున్నవాళ్లయితే కొన్ని రోజులు పిల్లలకీ పెంపుడు జంతువులకీ దూరంగా ఉండాలి. ఇంట్లో మనుషులు వాడే మందుల నుంచి ఆ మూగజీవాన్ని కాపాడమని ఏ చుట్టమైనా ఒక్కసారి చెప్పారా? నేనైతే వినలేదు.

ఆపరేషన్‌కి అమ్మ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే కాటుక రెండు రోజులు గిన్నె ముట్టలేదు. అమ్మ గది గుమ్మంలో కూర్చుని తలుపు వైపే చూసేది. పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, పిల్లులు అలా తినడం మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుందని గట్టిగా చెప్పారు. చివరికి అమ్మ కప్పుకునే పాత దుప్పటి తెచ్చి దాని పక్కన వేస్తే, అందులో తల దూర్చి పడుకుని, రాత్రికి లేచి కాస్త తిన్నది. క్యాన్సర్ వచ్చింది అమ్మకే, కానీ ఇంట్లో ఏ ఒక్కరూ మామూలుగా లేరు. పిల్లి కూడా లేదు.

అమ్మకి ఏం చేస్తుందో కూడా చెప్పాలి. వాంతులు ఆగడానికి స్టెరాయిడ్ ఇస్తారు, ఆ రాత్రి ఇక నిద్ర ఉండదు. మూడింటికి లేచి చూస్తే అమ్మ చీకట్లో కూర్చుని ఉంటుంది, ఒళ్లో కాటుక ఉంటుంది. నాతో చెప్పని మాటలు దానితో చెబుతుంటుంది. నేను గుమ్మం ఇవతలే ఆగిపోతాను. జుట్టు రాలడం మొదలైన రోజు దిండు మీద ఉన్న వెంట్రుకల్లో ఏవి తనవో, ఏవి కాటుకవో చూస్తూ చూస్తూ అమ్మ నవ్వేసింది. రిపోర్ట్ చేతికొచ్చిన తర్వాత ఆవిడ నవ్వగా చూడటం అదే మొదటిసారి. అత్తయ్య భయపడుతున్నది ఆ వెంట్రుకల గురించే.

ఇక ఇక్కడ ఆగలేను, అసలు సంగతి చెప్పేస్తాను. ఇదే మాట, ఇదే గొంతు, పాతికేళ్ల కిందట విన్నాను.

అప్పుడు నాకు పదేళ్లు. నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్, పోయినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ పక్కన. దాహం వేస్తే నీళ్లు కూడా కొలిచి తాగాలి. ఆయనకి రాజు అని ఒక కుక్క ఉండేది. డయాలిసిస్ నుంచి వచ్చే బండి చప్పుడు వాడికి మలుపు దగ్గరే తెలిసేది. నీరసంతో రెండు అడుగులు వేయలేని నాన్న వాడి కోసం గేటు దాకా నడిచేవాడు. అప్పుడూ అత్తయ్యే వచ్చి, ఇన్ఫెక్షన్ వస్తుంది, కుక్క ఉండకూడదు అంది. ఏ డాక్టర్‌నీ అడగలేదు. నాన్న డయాలిసిస్‌లో ఉన్న ఒక మధ్యాహ్నం రాజుని బండెక్కించి ఎక్కడో వదిలేశారు. ఆయన వచ్చి అడిగితే గొలుసు తెంచుకుని పారిపోయిందన్నారు.

నాన్న నమ్మాడు. "వాడికి దారి తెలుసు, వస్తాడు" అనేవాడు. రాత్రిళ్లు గేటు గొళ్లెం వేయొద్దనేవాడు. పోయేదాకా ఆ మాట అన్నాడు.

నన్ను కూడా పంపించేశారు తెలుసా? "చదువు పాడవుతుంది" అని ఎనిమిది నెలలు వేరే ఇంట్లో ఉంచారు. ఏం జబ్బో చెప్పలేదు. నేను అల్లరి చేసినందుకే నాన్నకి ఒంట్లో బాలేదని, అందుకే నన్ను పంపేశారని అనుకున్నాను. పదేళ్ల పిల్ల అంతకంటే ఏం అనుకుంటుంది? పెద్దయ్యాక చదివితే తెలిసింది, నిజం చెప్పకపోతే చాలామంది పిల్లలు తప్పు తమదే అనుకుంటారని. మా అబ్బాయికి మాత్రం మొదటి రోజే చెప్పాను. క్యాన్సర్ అనే మాటే వాడాను. అంటుకోదని, ఎవరి తప్పూ కాదని చెప్పాను. వాడు అడిగిన మొదటి ప్రశ్న "నన్ను, కాటుకని వేరే ఇంటికి పంపించేస్తావా?" అని. నేను వాడికి నా కథ ఎప్పుడూ చెప్పలేదు. అయినా వాడికి ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది?

రాజు సంగతి నాన్న పోయిన చాలా ఏళ్లకి, ఏదో మాటల్లో అత్తయ్యే నాతో చెప్పింది. "మీ నాన్న కోసమే కదే చేశాం" అంది. అవును, ఎప్పుడూ ఆయన కోసమే. ఆయన్ని మాత్రం అడగరు.

1859లోనే ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ గురించి రాస్తూ, చాలాకాలం మంచం పట్టిన రోగికి చిన్న పెంపుడు జంతువు మంచి తోడని చెప్పింది. చూడ్డానికి వచ్చి ఉత్త ధైర్యాలూ సలహాలూ గుప్పించేవాళ్లు రోగిని ఎంత అలసటకి గురిచేస్తారో కూడా చెప్పింది. నూట అరవై ఏళ్లు దాటింది. పిల్లి అంటే భయం పోలేదు, సలహాలూ ఆగలేదు.

సాయం చేయాలని ఉంటే చేసే పని ఉంది. మా ఇంటి పైన ఉండే అమ్మాయి నాకు బంధువు కాదు. నేను ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వచ్చి గ్లవ్స్ వేసుకుని ఆ తొట్టి శుభ్రం చేసి, నీళ్లు మార్చి, తలుపు వేసుకుని వెళ్తుంది. అమ్మని పలకరించాలని కూడా అడగదు, తగ్గాక వస్తానంటుంది. రాలేనివాళ్లు ఫోన్‌లో "రేపు మీ అబ్బాయిని స్కూల్ నుంచి నేను తీసుకొస్తాను" అనొచ్చు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇవాళ నేను అత్తయ్యని "ఇక మీరు బయల్దేరండి" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆవిడకి ఎదురు చెప్పాను. "నాన్నని అడగలేదు, అమ్మని కూడా అడగకుండా చేస్తానంటే ఊరుకోను" అన్నాను. వెంట వచ్చినవాళ్లు నన్ను అదోలా చూశారు. పొగరు అనుకుంటారు, రేపు నలుగురికీ చెబుతారు. చెప్పుకోనివ్వండి.

వాళ్లు వెళ్లాక అమ్మ దగ్గర కూర్చుని అడిగాను. "నా పని సంగతి వదిలేయ్. నీకు కాటుక కావాలా, వద్దా?" అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. దాని వీపు మీద చెయ్యి వేసి, "ఉండనీ" అంది.

జ్వరం చూశాను, 98.8 ఉంది. అత్తయ్య జలుబు తగులుతుందేమోనని రెండు మూడు గంటలకోసారి చూస్తూనే ఉండాలి. ఈ రాత్రి నాకు నిద్ర లేదు.