ఐదు నిమిషాల జిగురుతో రాడ్ హ్యాండిల్ నిలవదు

సొంతంగా ఫిషింగ్ రాడ్లు కట్టుకునేవాళ్ల మధ్య ఈ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది. హ్యాండిల్ అతికించడానికి ఐదు నిమిషాల ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) చాలు, అది దొరక్కపోతే ఫెవిక్విక్ అయినా చాలు. తొందరగా గట్టిపడే జిగురే బలమైన జిగురు. ఇంకా తొందర కావాలంటే హార్డెనర్ కాస్త ఎక్కువ కలపాలి. రీల్ సీటు, అంటే రీల్ బిగించే గొట్టం, వదులుగా ఉంటే మాస్కింగ్ టేపు చుట్టి బిగించేయాలి. ప్యాకెట్ మీద బలం అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. ఇలా చేస్తే అరగంటలో రాడ్ రెడీ, సాయంత్రానికల్లా నీళ్ల దగ్గర ఉండొచ్చు.

వినడానికి బాగానే ఉంది. కానీ రాడ్ మీద మనం పెట్టే ఖర్చులో జిగురుది అతి చిన్న వాటా. అది చెడితే పోయేది మాత్రం మొత్తం రాడ్. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాయాలనిపించింది.

ముందు నేను కళ్లారా చూసింది చెబుతాను. పోయిన మే నెలలో యానాం దగ్గర గౌతమి ఒడ్డున నలుగురం గాలాలు వేస్తున్నాం. మాలో చిన్నవాడి గాలానికి మంచి పండుగప్ప తగిలింది. అది రెండోసారి లాక్కుని పరుగెత్తగానే కుర్రాడు అరిచాడు: "అన్నా, రాడ్ తిరిగిపోతోంది!" చూస్తే రీల్ చేతిలో పైకే ఉంది, దారం దూరే రింగులు, అదే గైడ్లు, మాత్రం పక్కకి తిరిగి నీళ్లవైపు చూస్తున్నాయి. దారం బ్లాంక్‌కి, అంటే రాడ్ కర్రకి, ఒరుసుకుని తెగిపోయింది. రాడ్ కట్టి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు.

మర్నాడు మా వరండాలో కూర్చుని రీల్ సీటును పొడుగునా కోసి తెరిచాం. లోపల మాస్కింగ్ టేపు ఈ చివర నుంచి ఆ చివరికి సందు లేకుండా చుట్టి ఉంది. టీ డికాక్షన్ రంగుకి తిరిగిపోయి, వేలితో నొక్కితే తడి తగిలింది. జిగురు రెండు చివర్లా సన్నటి ఉంగరాల్లా ఉంది, మధ్యలో అసలు లేదు. సీటు లోపలి గోడ షాపులోంచి అప్పుడే తెచ్చినట్టు నిగనిగలాడుతోంది, ఒక్క గీత లేదు. ఆ ఉంగరాన్ని గోటితో గీకితే పెచ్చులా ఊడి అరచేతిలో పడింది. "ఐదు నిమిషాలదే వాడానన్నా, అందరూ అదే చాలంటేనూ" అన్నాడు. నేను అతన్ని ఏమీ అనలేకపోయాను. చెప్పినట్టే చేశాడు మరి.

తొందరగా గట్టిపడేదే బలమైనదన్న మాటతో మొదలుపెడదాం. ఐదు నిమిషాల ఎపాక్సీ, రాత్రంతా పట్టే ఎపాక్సీ ఒకే సరుకు కాదు. రెసిన్ దాదాపు ఒకటే అయినా హార్డెనర్ వేరు. తొందరవాటిలో ఎక్కువగా ఉండేది గంధకం కలిసిన మెర్కాప్టాన్ జాతి హార్డెనర్. మూత తీయగానే వచ్చే ఆ కుళ్లిన గుడ్డు వాసన దానిదే. అది గబగబా గట్టిపడుతుంది, నిజమే. కానీ నిదానంగా గట్టిపడే రకాలతో పోలిస్తే నీటికీ వేడికీ తొందరగా లొంగిపోతుంది. మన రాడ్‌కి తగిలేవి ఆ రెండే కదా. మే నెలలో ఎండలో నిలబెట్టి అద్దాలు మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటడం మామూలు విషయం. వెనక సీట్లో పడేసిన రాడ్‌లో ఆ జిగురు మెత్తబడుతుంది. సాయంత్రం చల్లారాక మళ్లీ గట్టిగానే కనిపిస్తుంది కాబట్టి మనకి అనుమానం రాదు.

అంతకన్నా పెద్ద చిక్కు టైముది. ఐదు నిమిషాలు అని రాసేది 25 డిగ్రీల దగ్గర లెక్క. వేడి పది డిగ్రీలు పెరిగితే జిగురు గట్టిపడే వేగం సుమారు రెట్టింపవుతుందన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే కాకినాడ వేసవిలో మధ్యాహ్నం పూట మీకు దొరికేది గట్టిగా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో బ్లాంక్‌కి పూయాలి, సీటు లోపల పూయాలి, వెనక గ్రిప్ తిప్పుతూ ఎక్కించాలి, సీటు ఎక్కించాలి, గైడ్ల వరసకి సరిచూడాలి, ముందు గ్రిప్ ఎక్కించాలి, బయటికి పొంగిన జిగురు తుడవాలి. ఇన్నేళ్లుగా కడుతున్నా నాకే ఈ పనికి పావుగంట పైన పడుతుంది. తొందర జిగురుతో చేస్తే సగం దారిలో అది దారాలు సాగడం మొదలవుతుంది. అప్పటినుంచి అది దేనికీ సరిగ్గా అంటుకోదు, పైపైన పేరుకుంటుంది. ఆ కుర్రాడి సీటులో మధ్యభాగం ఖాళీగా ఉండిపోయింది అందుకే.

ఐదు నిమిషాల ఎపాక్సీ అసలు పనికిరాదని నేననడం లేదు. అడుగున రబ్బరు బట్ క్యాప్ పెట్టడానికి, గ్రిప్ ముందు చిన్న రింగు కూర్చోబెట్టడానికి బాగుంటుంది. బరువు మోసే అతుకుకి మాత్రం వద్దు.

ఇక ఫెవిక్విక్. ఈ జాతి జిగురు గాలిలోని తేమ, అతికే వస్తువు మీది తేమ తగిలి గట్టిపడుతుంది. రెండు ముఖాలూ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు కూర్చుని మధ్యలో పల్చటి పొర మాత్రమే ఉంటే దాని సత్తా చూపిస్తుంది. సందు పెరిగితే తేలిపోతుంది. పైగా పెళుసు. రాడ్ హ్యాండిల్ రోజంతా వంగుతూ, అదురుతూ, దెబ్బలు తింటూ ఉంటుంది, పెళుసు జిగురు అక్కడ చిట్లుతుంది. బిగుతుగా ఉండే ఈవీఏ ఫోమ్ గ్రిప్ ఎక్కిస్తుంటే సగంలో పట్టేసి ఇక ముందుకీ పోక వెనక్కీ రాక ఉండిపోవడం మరో బాధ. రెండు కార్క్ ముక్కలు ఫెవిక్విక్‌తో అతికించి చేత్తో లాగి, "కార్క్ చిరిగింది కానీ జిగురు ఊడలేదు" అని చూపిస్తుంటారు. కార్క్ అన్ని జిగుర్లకన్నా బలహీనమైనది. ఏ జిగురుతో అతికించి లాగినా ముందు చిరిగేది కార్కే. దాన్ని బట్టి జిగురు గురించి తెలిసేదేమీ లేదు. కార్క్‌లో గుంటలు పడితే కార్క్ పొడి నింపి ఒక చుక్క ఫెవిక్విక్ వేయండి, దానికి అంతకన్నా మంచిది లేదు.

తెల్ల ఫెవికాల్ సంగతి కూడా కొందరు అడుగుతారు. అది నీళ్లు ఇంకిపోతే గట్టిపడే జిగురు. కార్క్ రింగును కార్క్ రింగుకి అతికించేటప్పుడు, అదీ నీళ్లకి తట్టుకునే రకమైతే, పనిచేస్తుంది. కార్బన్ బ్లాంక్‌కీ ఈవీఏకీ మధ్య ఇరుక్కున్న నీళ్లు ఎటు పోతాయి? వారం తర్వాత తెరిచినా లోపల పాలలాగే ఉంటుంది. అమెరికాలో ఉన్న మన స్నేహితులు కొందరు నురగలా పొంగే గొరిల్లా గ్లూ వాడమంటారు. పొంగుతుంది కాబట్టి సందులు నిండినట్టే ఉంటాయి. కానీ నిండేది నురగ, దానికి గట్టి ఎపాక్సీకి ఉన్న బలం ఉండదు. పొంగుతూ పొంగుతూ గ్రిప్‌ని పైకి నెట్టేస్తుంది కూడా, బిగించి పెట్టకపోతే తెల్లారేసరికి గ్రిప్పుకీ సీటుకీ మధ్య సందు పడుతుంది.

హార్డెనర్ ఎక్కువ కలపాలన్న మాట మాత్రం శుద్ధ తప్పు, మొత్తం సలహాలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఇది ఎక్కడ పుట్టి ఉంటుందో నేను ఊహించగలను. మా తీరంలో ఫైబర్ పడవలు చేసేచోట వాడే పాలిస్టర్ రెసిన్‌లో క్యాటలిస్ట్ చుక్కలు పెంచితే నిజంగానే తొందరగా గట్టిపడుతుంది. అక్కడ ఆ చుక్కలు పనిని మొదలుపెట్టి వదిలేస్తాయంతే. ఎపాక్సీలో అలా కాదు. రెసిన్‌లోని అణువులూ హార్డెనర్‌లోని అణువులూ జంటలుగా చేతులు కలిపితేనే గట్టి పదార్థం అవుతుంది. హార్డెనర్ ఎక్కువైతే జంట దొరకని భాగం అలాగే మిగిలిపోతుంది. జిగురు ఎప్పటికీ రబ్బరులా, గోరు దిగేంత మెత్తగా ఉంటుంది, నీళ్లూ పీలుస్తుంది. తక్కువైనా ఇదే గతి.

కొలత దగ్గర ఒక మెలిక ఉంది, అది తెలియక చాలామంది పాడుచేస్తారు. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మామూలు ఆరాల్డైట్ స్టాండర్డ్ తీసుకోండి. 180 గ్రాముల ప్యాక్‌లో రెసిన్ 100 గ్రాములు, హార్డెనర్ 80 గ్రాములు ఉంటాయి. కొలత పరిమాణంలో అయితే సమానంగా కలపాలి. తూకంలో అయితే 100కి 80. కాటా మీద పెట్టి సమానంగా తూచి కలిపితే హార్డెనర్ పాతిక శాతం ఎక్కువ పడ్డట్టే. రెండూ ఒకే పొడవున, ఒకే లావున గీతలుగా పిండి, గిన్నె అంచులూ అడుగూ గీకుతూ రెండు నిమిషాలు కలిపితే చాలు. చేతులకి గ్లవ్స్ వేసుకోండి. హార్డెనర్ చర్మానికి ఒకసారి పడకపోయిందంటే తర్వాత తాకిన ప్రతిసారీ దద్దుర్లు వస్తాయి.

వేసవిలో పని చేయడానికి టైము చాలకపోతే హార్డెనర్ తగ్గించకండి. కలిపిన జిగురుని గిన్నెలో ముద్దగా వదిలేయకుండా పళ్లెంలోనో సిల్వర్ ఫాయిల్ మీదో పల్చగా పరవండి. ముద్దగా ఉంటే తన వేడికి తనే ఉడికిపోతుంది, పరిస్తే వేడి బయటికి పోయి చాలాసేపు పదునుగా ఉంటుంది. నేనైతే మే నెలలో తెల్లవారుజామునే అతుకు పని పెట్టుకుంటాను.

ప్యాకెట్ మీది బలం అంకె సంగతి చిన్న లెక్కతో తేల్చేయొచ్చు. సీటు లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు, పొడవు 100 మిల్లీమీటర్లు అనుకోండి. అతుకు విస్తీర్ణం 5,000 చదరపు మిల్లీమీటర్లు దాటుతుంది. చదరపు మిల్లీమీటరుకి ఒక్క న్యూటన్ మోసే నాసి జిగురైనా సరే, అంతటా అంటుకుని ఉంటే దాదాపు 500 కిలోల లాగుడుకి తట్టుకోవాలి. మనం వాడే రీళ్ల డ్రాగ్, అంటే చేప లాగినప్పుడు దారాన్ని పట్టి ఉంచే బిగింపు, పది కిలోల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి జిగురు అంకె చాలక ఊడిన హ్యాండిల్ నాకు ఇంతవరకు కనిపించలేదు. జిగురు అందక, అందినచోట పట్టక, పట్టినది వేడికీ నీళ్లకీ మెత్తబడి ఊడినవే అన్నీ.

అందకపోవడానికి మొదటి కారణం మాస్కింగ్ టేపు. అది కాగితం. సీటు పొడుగంతా చుట్టేస్తే జిగురు సీటుకీ కాగితానికీ అంటుతుంది, బ్లాంక్‌కి అంటదు. అంటే చేప లాగే బరువంతా టేపు వెనకున్న బంక మీద పడుతుంది. చివర్లలో కాస్త నీరు దిగితే కాగితం నానుతుంది. బెయిట్‌కాస్టింగ్ రాడ్‌లో (రీల్ పైన కూర్చునే రకం) గైడ్లు పైన ఉంటాయి కాబట్టి బరువు పడ్డ ప్రతిసారీ బ్లాంక్ మెలితిరగాలని చూస్తుంది, యానాం దగ్గర జరిగింది అదే. టేపు తప్పకపోతే సన్నటి పట్టీలుగా మూడు నాలుగు చోట్ల చుట్టి, పట్టీకీ పట్టీకీ మధ్య కనీసం పావు అంగుళం సందు వదలండి. టేపు పని సీటుని నడిమధ్యన నిలబెట్టడమే, మోసేది ఆ సందుల్లోని జిగురు. ఇంకా మంచిది, గోడ అతుకులకి వాడే ఫైబర్‌గ్లాస్ జాలీ టేపు. జిగురు దాని కళ్లలోంచి దూరి బ్లాంక్‌ని పట్టుకుంటుంది. గట్టి ఫోమ్ ఆర్బర్లు (బ్లాంక్‌కీ సీటుకీ మధ్య సందు నింపే రింగులు) దొరికితే అవి వాడండి.

రెండో కారణం నున్నదనం. సీటు లోపలి గోడకి అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన జారుడు పొర మిగిలి ఉండొచ్చు. ఉప్పుకాగితం వేలికి చుట్టి లోపల మెరుపు పోయేదాకా రుద్దండి. బ్లాంక్‌ని మాత్రం నెమ్మదిగా, పైమెరుపు పోతే చాలు, కార్బన్ పోగుల దాకా పోకండి. తర్వాత మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ అనే ఆల్కహాల్‌తో తుడిచి, ఇక చేత్తో ముట్టుకోకండి.

నిదానం జిగురు పెడితే ఊడదీయడం కుదరదు, రేపు సీటు మార్చాల్సి వస్తే ఎలా అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. సీటు మార్చాలంటే ఏ జిగురైనా కోసి తీయడమే, మేమూ అదే చేశాం. తేలిగ్గా ఊడిరావాల్సింది రాడ్ కొసన ఉండే చివరి గైడ్, టిప్ టాప్ ఒక్కటే. అది తరచూ విరుగుతుంది కాబట్టి అక్కడ వేడికి కరిగే జిగురు పెట్టండి, లైటర్ దూరంగా చూపిస్తే జారి వస్తుంది.

ఆ కుర్రాడి రాడ్‌ని తర్వాతి ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం కూర్చుని మళ్లీ కట్టాం. పాత టేపు గీకి, జాలీ టేపు చుట్టి, ఆరాల్డైట్ స్టాండర్డ్ బ్లాంక్ మీదా కొత్త సీటు లోపలా పూసి, తిప్పుతూ ఎక్కించాం. రెండు చివర్లా చుట్టూరా సమానంగా జిగురు పొంగి బయటికి వచ్చింది. "ఇప్పుడు లోపల నిండినట్టేనా అన్నా?" అని అడిగి, ఐపీఏ గుడ్డతో తనే తుడిచాడు. సాయంత్రానికే తీసుకెళ్తానన్నాడు. ఒప్పుకోలేదు. మర్నాటికి చేతికి గట్టిగానే ఉంటుంది కానీ లోపల పూర్తిగా బిగుసుకోవడానికి ఇంకా రోజులు పడుతుందని చెప్పి, వారం పాటు మా గదిలో మేకుకి వేలాడదీశాను. ఈ మే నెలలో కూడా అతను అదే రాడ్ యానాం తెచ్చాడు. గైడ్లూ రీలూ ఒకే వరసలో ఉన్నాయి.